మత్స్యవంశ మూలము: శాసనము, నది, ఐతిహ్యము

వంశమూలమును వెదకువారికి ఆధారములు రెండు విధములు. ఒకటి వ్రాత: తామ్రశాసనము, దేవాలయ స్తంభము, సర్కారు దస్తావేజు. రెండవది మాట: తరతరములుగా పెద్దలు చెప్పుకొనుచు వచ్చినది. మొదటిదానిని ప్రమాణమనియు, రెండవదానిని కట్టుకథ యనియు విడదీయుట చరిత్రకారులలో వాడుక. ఈ విభజన ఎంతవరకు నిలుచునో తెలిసికొనుటకు వడ్డాది మత్స్యరాజుల వంశమును మించిన నిదర్శనము ఉత్తరాంధ్రమున అరుదు. విశాఖపట్టణపు మైదానమునుండి మాడుగుల మీదుగా పాడేరు ఎక్కు కనుమకు దిగువన వడ్డాది యున్నది. ఆ ప్రాంతమున మొదట రాజ్యమేర్పరచుకొన్న కుటుంబములలో పేరు మిగిలిన కుటుంబ మిది.

ఈ వంశమునకు ముఖ్యాధారము దిబ్బిడి తామ్రశాసనము. శాలివాహన శకము 1191, అనగా క్రీ.శ. 1269లో మత్స్యవంశీయుడగు అర్జునుడు దీనిని వేయించెను. దిబ్బిడి వడ్డాదికి చేరువలోని అగ్రహారము. పూర్వము వీరవల్లి తాలూకాలోనిది. ఎపిగ్రాఫియా ఇండికా అయిదవ సంపుటమున ఈ శాసనమును పరిష్కరించి ప్రకటించినవాడు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు వేంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా ఆయన లోకప్రసిద్ధుడు. ఆయన శాసనకృషి అంతగా తెలియదు. ముఖలింగపు శాసనములను స్వయంకృషితో చదువ నేర్చినవాడు, నడగాము తామ్రశాసనమును వెలికి తెచ్చినవాడు ఆయనయే.

దిబ్బిడి శాసనము చెప్పు వంశకథ సంగ్రహముగా నిది. కాశ్యప గోత్రజుడగు నారంగ మహర్షికి మత్స్యా నదిలో మీనరూపమున నుండిన అప్సరసయందు ఒక కుమారుడు కలిగెను. అతని పేరు సత్యమార్తాండుడు. ఉత్కలాధీశుడగు జయత్సేనుడు తన కుమార్తె ప్రభావతిని అతనికిచ్చి వివాహము చేసి, ఒడ్డవాది దేశమును ఏలుమని నియమించెను. అటుపిమ్మట శాసనము తరములను వరుసగా పేర్కొనుచు అర్జునుని వరకు వచ్చును.

సంస్కృతము చదివినవానికి ఈ కథ విన్నంతనే మహాభారత ఆదిపర్వము స్ఫురించును. శాపవశమున చేపయై యమునలో నుండిన అద్రిక యను అప్సరస ఉపరిచర వసువు తేజస్సును మ్రింగి కవలలను కన్నది. ఆ కవలలలో బాలిక సత్యవతి, బాలుడు మత్స్యరాజు. ప్రశస్తికారుడు ఆ కథను ఎరిగియే తన ప్రభువునకు అనువుగా మలచెనని చెప్పవచ్చును. వసువు స్థానమున ఋషి వచ్చినాడు. చేపయైన అప్సరస అట్లే నిలిచినది.

ఇట్టి కల్పన ఆ కాలపు ఆచారమే. ఇదే కళింగమునేలిన గాంగుల శాసనములు దీనిని స్పష్టముగా చూపును. వజ్రహస్తుని నడగాము శాసనము శకము 979 నాటిది. అందు వంశక్రమము గుణమహార్ణవునితో మొదలగును. ఆయన మనుమడగు అనంతవర్మ చోడగంగదేవుని శకము 1040 నాటి శాసనములో అదే వంశము విష్ణువు, బ్రహ్మ, అత్రి, చంద్రుల వరకు పైకి పోయినది. మనుష్యుల లెక్క ప్రకారము నడుమ గడచినది అరువది యొక్క సంవత్సరములే. రాజ్యము పెరిగినకొలది వంశవృక్షమునకు వేళ్లు క్రిందికి గాక ఆకాశములోనికి పోవుట ఇందు కానవచ్చును. కావున తామ్రపత్రముపై చెక్కబడినంత మాత్రమున ప్రతి పలుకును చరిత్ర కానేరదు.

అట్లని కథనంతయు త్రోసిపుచ్చుటయు సరికాదు. అరువు తెచ్చిన అంశమును తీసివేసిన పిదప మిగులునదేదో చూడవలెను. ఇచ్చట మిగులునది రెండు: నది పేరు, పెండ్లి.

నది సంగతి ముందు విచారింపదగినది. మాడుగుల కొండలలో పుట్టి పాడేరు మన్యమున ప్రవహించు ఏరు మాచేరు. అదియే దిగువన మాచ్‌ఖండ్ అనబడుచు డుడుమ వద్ద సుమారు 175 మీటర్ల ఎత్తునుండి దుమికి, సీలేరు పేరుతో సాగి శబరిలో కలసి, తుదకు గోదావరిని చేరును. మాచేరు, మాచ్‌ఖండ్, మత్స్యకుండము, మత్స్యా అను పేర్లన్నిటియందును ఉన్నది చేపయే. ఇందొక విశేషము కలదు. ఈ నది వడ్డాది మైదానమునకు ఒక్క చుక్కయైనను ఈయదు. కొండల వెన్నుకు ఆవలి వైపు పుట్టి, ఉత్తరముగా సాగి, మైదానమునకు పెడమొగముగా పోవును. వడ్డాది పొలములకు నీరిచ్చు ఏరులు వేరే కలవు. ఇతిహాసకథను అతికించుటయే ప్రశస్తికారుని ఉద్దేశమైనచో, రాజధాని సమీపమున పారు ఏ నదినైనను చెప్పి యుండవచ్చును. కనుమ కావలి నదిని చెప్పుటను బట్టి, ఆ కుటుంబమునకు మన్యముతో గల సంబంధము పండితుని కల్పనకు పూర్వమే యున్నదని ఊహింపవచ్చును. ఇది అనుమానమే గాని నిర్ణయము కాదు. అయినను బలము గల అనుమానము.

రెండవది పెండ్లి. సత్యమార్తాండునికి రాజ్యము తల్లివలన రాలేదు, తండ్రివలన రాలేదు, మామగారివలన వచ్చినది. ఇదే కొండల ఆవలి జయపుర రాజవంశపు ఐతిహ్యమును ఇట్లే యున్నది. ఉత్తరదేశమునుండి వచ్చిన వినాయకదేవుడు నందపురమున శిలావంశపు రాజు కుమార్తెను పెండ్లాడి రాజ్యము పొందెనని ఆ వంశమువారు చెప్పుకొందురు. జయపుర కథలో అల్లుడు వెలుపలివాడు, మామ స్థానికుడు. వడ్డాది కథలో అల్లుడు స్థానిక నదీపుత్రుడు, మామ వెలుపలి ప్రభువు. పాత్రలు తారుమారైనవి. ఈ వ్యత్యాసమే మత్స్యకథలోని చారిత్రకాంశమునకు సూచనగా గ్రహింపదగినది. కొండ నీటిలో పుట్టిన ఒక కుటుంబమును ఉత్కల ప్రభుత్వము గుర్తించి సామంత పదవిలో నిలిపినదను తాత్పర్యము దీనినుండి తీయవచ్చును.

తరువాతి శతాబ్దులలోను వడ్డాది పేరు మరుగుపడలేదు. మనుచరిత్ర పీఠికలో అల్లసాని పెద్దన కృష్ణరాయల ప్రతాపాగ్ని దహించిన తావులను ఉదయాద్రితో మొదలిడి వర్ణించుచు, పొట్నూరు పిమ్మట, కటకపురికి ముందు ఒడ్డాదిని పేర్కొనెను. రాయలు సింహాచలమున శకము 1438లో, అనగా క్రీ.శ. 1516లో శాసనము వేయించిన దండయాత్ర సందర్భ మిది. గజపతులమీదికి పోవు చక్రవర్తి దాటవలసిన తావులలో ఒడ్డాది యొకటి యని కవి ఎన్నుట గమనింపదగినది.

ఇంతవరకు చెప్పినది మైదానపు సాక్ష్యము. కనుమ నెక్కిన పిదప దొరకు సాక్ష్యము వేరు. 1907లో ప్రకటితమైన విశాఖపట్టణము జిల్లా గెజెటీరులో ఫ్రాన్సిస్ అను అధికారి మఠము గ్రామము వద్ద మాచేటిపై గల మత్స్యగుండమును వర్ణించినాడు. ఇప్పుడది హుకుంపేట మండలములోనిది. అచ్చట నదికి అడ్డముగా బండల వరుస యున్నది. నీరు దాని క్రింద దూరి అదృశ్యమై, కొంత దిగువన వెలువడి మడుగు కట్టును. ఆ మడుగు నిండ చేపలు. అవి మనుష్యులకు బెదరక చేతిలోని మేతను తినునని ఆయన వ్రాసినాడు. ఒకప్పుడు ఒక బ్రింజారీ ఆ చేపను పట్టి కూర వండుకొనగా, మత్స్యరాజు శపించెననియు, వాడును వాని పెరికె ఎడ్లును బండలై పోయిరనియు స్థానికులు చెప్పు కథను కూడ చేర్చినాడు. శివరాత్రినాడు అచ్చట ఉత్సవము జరుగును. చేపలకు మేత వేయుట పూజలో భాగము. ఆ గుడి పూజారి భగత కులమువాడని గెజెటీరు స్పష్టముగా చెప్పుచున్నది.

అదే గ్రంథము మాడుగుల జమీందారులను గూర్చియు వ్రాసినది. వారు తమది మత్స్యదేశపు రాజవంశమని చెప్పుకొందురు. చేప ఆకారము గల రాతి సింహాసనముపై వారికి పట్టాభిషేకము. వారి ధ్వజముపై చేప. చేవ్రాలు సైతము చేప బొమ్మయే. గుండములోని చేపలను కాపాడినవారును వారే. 1269లో రాగిరేకుపై చెక్కిన మాట 1907 నాటికి రాతి పీఠముగను, జెండాగను, సంతకముగను బ్రతికి యున్నది. నడుమ ఆరువందల ముప్పది యెనిమిది సంవత్సరములు గడచినవి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీలకు కాలము చెల్లినది. మాడుగుల సింహాసనమునకు అధికారము పోయినది. మత్స్యగుండమున శివరాత్రి జాతర మాత్రము పోలేదు. పాలకుల చిహ్నము పాలనతో ముగియగా, పూజారుల ఆచారము నిలిచినది.

ఈ సందర్భమున ఒక హెచ్చరిక అవసరము. పాడేరు ప్రాంతపు గిరిజనులలో మత్స్యరాస, మచ్చరాస అను ఇంటిపేరు నేటికిని కలదు. 1962లో నర్సీపట్నము నియోజకవర్గమునుండి లోక్‌సభకు ఎన్నికైన సభ్యుని పేరు మచ్చరాస మచ్చరాజు. చేప పేరు కనబడగానే వీరందరు వడ్డాది రాజుల సంతతియని వ్రాయుట సాహసము. మన్యమున పులి, పాము, సూర్యుడు మొదలగువానిని తమ తెగకు గుర్తుగా నెంచు ఇంటిపేర్లు పెక్కు కలవు. చేప వానిలో ఒకటి. నామసామ్యము వంశసామ్యమును సాధింపదు. ప్రజల ఇంటిపేరును చూచి రాజులు తమ వంశనామమును గ్రహించిరా, రాజుల పేరు ప్రజలకు సంక్రమించెనా అను ప్రశ్నకు తావున్నది. రెండవదానినే సిద్ధాంతముగా తలచుటకు మాత్రము ఆధారము లేదు.

ఇక ప్రమాణ విచారము. పౌరాణికులు ఐతిహ్యమును ప్రత్యేక ప్రమాణముగా నంగీకరించిరి. తొలుత చెప్పినవాడెవడో తెలియక పరంపరగా వచ్చు మాట ఐతిహ్యము. ఈ మఱ్ఱిచెట్టున యక్షుడున్నాడను మాట శాస్త్రములలో దానికి వాడుక ఉదాహరణము. న్యాయసూత్రకారుడగు గౌతముడు దానిని వేరుగా నెంచక శబ్దమునందే చేర్చెను. శబ్దము ప్రమాణమగుటకు చెప్పువాడు ఆప్తుడు కావలెను. ఆప్తుడెవడు? విషయమును సాక్షాత్తుగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పగోరువాడు. ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమని భాష్యకారుడగు వాత్స్యాయనుడు నిర్దేశించెను. ఈ వాక్యమును పాఠశాలలలో వల్లించువారు పెక్కురు. దానిని కొండ గ్రామమునకు అన్వయించిన వారు కొలదిమంది. దిబ్బిడి ప్రశస్తికారుడు సత్యమార్తాండుని చూచినవాడు కాడు. అతడు వ్రాసినదియు ఐతిహ్యమే. మత్స్యగుండపు పూజారి తాత తండ్రులు ఎచ్చట పూజ చేసిరో, ఎచ్చట పోడు కొట్టిరో, ఎచ్చట సమాధి యైరో ఎరిగి చెప్పగలడు. లక్షణమును బట్టి చూచినచో ఆ విషయమున అతడే ఆప్తుడు.

ఇది కేవలము శాస్త్రచర్చ కాదు. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినది. అచ్చటి గిరిజన కుటుంబములకు పూర్వుల నిరూపణము బ్రతుకుతెరువుతో ముడిపడినది. అటవీ హక్కుల గుర్తింపు చట్టము 2006 నాటిది. దాని నియమావళి 2008లో వెలువడినది. అందు పదమూడవ నియమము హక్కునకు చూపదగిన సాక్ష్యములను పేర్కొనుచున్నది. ప్రభుత్వ పత్రములు, పటములతో పాటు, పూర్వపు దస్తావేజులలో పేరున్న వ్యక్తివరకు చూపు వంశావళియు, హక్కుదారు కాని పెద్దలు చెప్పగా వ్రాసికొన్న వాఙ్మూలమును అందు చేరినవి. ఒకటికి మించిన సాక్ష్యములను పరిశీలింపవలెనని అదే నియమము చెప్పుచున్నది. వాత్స్యాయనుని భాష్యమును చదువనివారే ఆ నియమమును వ్రాసి యుండవచ్చును. తాత్పర్యము మాత్రము ఒక్కటియే.

అయితే చట్టము వాఙ్మూలమును అంగీకరించినను, దానిని వ్రాసికొనువారు లేనిచో అది పెద్దలతోపాటే పోవును. అర్జునుడు రాగిరేకు చెక్కించెను గనుక అతని వంశము నిలిచినది. మాచేటి యొడ్డున అదే కాలమున నున్న కుటుంబములకు రాగిరేకు లేదు. గిడుగు రామమూర్తి ఒక చేత తామ్రపత్రమును చదివెను. మరియొక చేత సవరల నోటి మాటను వ్రాసికొని 1931లో వ్యాకరణ గ్రంథమును, 1938లో నిఘంటువును ప్రకటించెను. ఆయనకు ఆ రెండును వేరు విద్యలు కావు. శాసనలిపి నేర్చిన ప్రాచ్యకళాశాలా విద్యార్థులు కనుమనెక్కి, గ్రామగ్రామమున పెద్దలు చెప్పు వంశక్రమమును చెప్పినవాని పేరుతోను, తేదీతోను, వారి పలుకుబడిలోనే వ్రాసికొని, ఒక ప్రతిని ఆ కుటుంబము చేతికిచ్చినచో, మత్స్యవంశ పరిశోధనలో మిగిలిన సగము పని మొదలైనట్లగును.