గంప మీద పడిన నింద



మాది సముద్రతీర సంఘం. మా విశ్వాసులలో సగం మందికి చేపలే జీవనాధారం. అలాంటిచోట చేప మీద నింద పడితే ఒక కుటుంబం అన్నం మీద పడినట్లే.

నిరుడు కోతల పండుగ ప్రేమవిందులో రొయ్యల వేపుడు తిన్న 14 మందికి మరునాటి వేకువకల్లా వాంతులు, నీళ్ల విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలయ్యాయి. రొయ్యలు అమ్మినది మా సంఘంలోని ఒక విధవరాలు. "పాడైనవి అంటగట్టింది" అన్నారు కొందరు. "దేవుని శిక్ష" అన్నారు మరికొందరు. పది రోజులు ఆమె గంపవైపు ఎవరూ చూడలేదు. ఆదివారం ఆరాధనలో ఆమె వెనుక వరుసలో ఒంటరిగా కూర్చుంది.

వైద్యుడిని అడిగాను. సముద్రంలో, ఉప్పుటేరులో విబ్రియో పారాహీమోలిటికస్ అనే సూక్ష్మజీవి సహజంగానే ఉంటుందట. తాజా రొయ్య మీద కూడా ఉండవచ్చు. కంటికీ, వాసనకూ తెలియదు. బాగా ఉడికిస్తే చస్తుంది, వెచ్చగా ఉంచితే వేగంగా పెరుగుతుంది. 1950లో జపానులోని ఒసాకాలో సగం ఎండిన చిన్న చేపలు తిని 272 మంది జబ్బుపడ్డారు, 20 మంది చనిపోయారు. అప్పుడే ఫుజినో అనే శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొన్నాడు.

"వేయించిన రొయ్యలను దేనిలో పోశారండీ?" అని ఆయన అడిగారు. విచారిస్తే, పచ్చి రొయ్యలు ఒలిచిన బేసిన్లలోనే! పైగా మధ్యాహ్నం వరకు పందిరికింద ఉంచారు. కారణం ఇదే కావచ్చునన్నారు.

ఆ ఆదివారమే ఈ సంగతి సంఘానికి వివరించాను. వంట చేసిన సహోదరీలే ఆమె చేతులు పట్టుకుని క్షమించమన్నారు. ఆమె, "నా గంప ఖాళీ అయితే చాలు అయ్యగారూ" అంది.

పచ్చివాటికీ వండినవాటికీ పాత్రలు, కత్తులు వేరుగా ఉంచండి. చేతులు సబ్బుతో కడగండి. వండినది వేడిగా ఉండగానే వడ్డించండి. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ తాగించండి. రక్తం పడినా, మనిషి సోలిపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

తీర్పుకు ముందు బాగా విచారించాలని ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయం న్యాయాధిపతులకు నేర్పుతుంది. ఆ ఆజ్ఞ మన వంటశాలకూ, మన నాలుకకూ వర్తిస్తుంది. శుభ్రమైన గిన్నె, నిందలేని మాట, రెండూ పొరుగువాని ప్రేమలో భాగమే.