నా మాట మీద కొన్న ఆట

చాలాకాలం నేను ఒక గేమింగ్ కంపెనీకి జీతం లేని ప్రచారకర్తగా పనిచేశాను. వాళ్ళు అడగలేదు, నేనే చేశాను. కొత్త ట్రైలర్ వస్తే అర్ధరాత్రయినా మా వాట్సాప్ గ్రూపులో పెట్టేవాణ్ణి. ధర ఎక్కువని ఎవరైనా గొణిగితే, పెద్ద ఆట తీయడానికి ఎన్ని వందల మంది ఎన్నేళ్ళు కష్టపడతారో లెక్కలు చెప్పి నోరు మూయించేవాణ్ణి.

ఆ అభిమానం ఊరికే రాలేదు. ఇంజినీరింగ్ హాస్టల్లో వాళ్ళ పాత ఆట ఒకటి ఆడాను. నిజం చెప్పాలంటే దొంగ కాపీలో ఆడాను. ఉద్యోగం వచ్చాక అదే ఆటని డబ్బు పెట్టి కొన్నాను, ఆడటానికి కాదు, బాకీ తీర్చుకోవడానికి. అంత మంచి ఆట తీసినవాళ్ళు చెత్త తీయరని నా ధీమా. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఇది వాళ్ళ తప్పు కంటే నా తప్పు గురించిన సంగతి.

కొన్నేళ్ళకి వాళ్ళు ఆన్‌లైన్‌లో తప్ప ఆడలేని కొత్త ఆట ఒకటి ప్రకటించారు. గుంటూరులో ఉండే మా చిన్నాన్నగారబ్బాయి ఫోన్ చేసి, "అన్నయ్యా, రివ్యూలు చూశాక కొననా?" అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. నేను నవ్వేశాను. "వీళ్ళ ఆటకి రివ్యూలేంట్రా, ప్రీ-ఆర్డర్ కొట్టెయ్" అన్నాను. ముందే కొన్నవాళ్ళకిచ్చే స్పెషల్ స్కిన్ పోతుందని భయపెట్టాను కూడా. పిల్లలకి ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు వాడిది.

ఆట వచ్చింది. చూడ్డానికి బాగుంది. కొన్ని వారాలయ్యేసరికి అందులో చేయడానికేమీ మిగల్లేదు. త్వరలో వస్తాయన్నవాటిలో చాలా రాలేదు. ఆడేవాళ్ళు పలచబడ్డారు, చివరికి సర్వర్లు ఆపేశారు. ఇప్పుడు ఐకాన్ నొక్కితే కనెక్ట్ కాలేదన్న మెసేజ్ వస్తుంది. తమ్ముడు నన్ను ఒక్క మాట అనలేదు. ఏ ఆట కొనాలో అడగడం మాత్రం మానేశాడు.

నా డబ్బు పోతే కంపెనీని తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. వాడి డబ్బు పోయింది నా మాట మీద. ఒకరి అప్పుకి హామీ సంతకం పెట్టేవాడు ఆ మనిషి ఇప్పటి పరిస్థితి చూస్తాడు. నేను ఎప్పటి మంచితనాన్నో తలచుకుని సంతకం పెట్టేశాను. తర్వాత తీరిగ్గా ఆ ఆట క్రెడిట్స్ చూస్తే, నాకిష్టమైన పాత ఆట తీసినవాళ్ళ పేర్లు చాలావరకు లేవు. బోర్డు అదే, లోపలి మనుషులు వేరు. చివర్లో వచ్చే ఆ పేర్ల వరసని అప్పటిదాకా ఎప్పుడూ స్కిప్ చేసేవాణ్ణి.

ఇలా బోల్తా పడేది నేనొక్కణ్ణే కాదని 2020 డిసెంబర్‌లో తెలిసింది. పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్‌ని గేమర్లు నెత్తిన పెట్టుకోవడానికి గట్టి కారణాలే ఉండేవి. 2015లో వచ్చిన ది విచర్ 3కి 16 చిన్న డీఎల్‌సీలు, అంటే అదనపు భాగాలు, అందరికీ ఉచితంగా ఇచ్చారు. అప్పట్లో అదే గ్రూపు నడిపిన జీఓజీ స్టోర్‌లో కొన్న ఆటకి డీఆర్‌ఎం తాళం ఉండేది కాదు, డౌన్‌లోడ్ చేసి దాచుకోవచ్చు. ఆ పేరు మీదే సైబర్‌పంక్ 2077కి విడుదలకు ముందే 80 లక్షల ఆర్డర్లు వచ్చాయి. రివ్యూ రాసేవాళ్ళకి ముందుగా ఇచ్చింది పీసీ వెర్షన్ ఒక్కటే. పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ మీద ఎంత అధ్వానంగా నడుస్తుందో జనానికి కొన్నాక గాని తెలియలేదు. డిసెంబర్ 10న విడుదలైతే, వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్ నుంచి ఆ ఆటనే తీసేసి రీఫండ్లు ఇస్తామంది. మళ్ళీ పెట్టింది 2021 జూన్‌లో.

సీడీ ప్రాజెక్ట్ సంస్థాపకుల్లో ఒకరైన మార్చిన్ ఇవిన్‌స్కీ 2021 జనవరిలో వీడియోలో క్షమాపణ చెప్పారు. ఏళ్ళ తరబడి మరమ్మతు చేశారు. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో ఆట నిజంగానే మారిపోయింది. కానీ ఆ 2.0 పీఎస్4కీ ఎక్స్‌బాక్స్ వన్‌కీ రాలేదు. ఎవరి దగ్గర మాట పోయిందో వాళ్ళకే అందలేదు. దీన్ని గొప్ప పునరాగమనంగా చెప్పేవాళ్ళు ఈ ముక్క వదిలేస్తారు.

మాట నిలబెట్టుకోవడంలో నాకు హెలో గేమ్స్ మీద ఎక్కువ గౌరవం. ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్‌లో చిన్న జట్టు. వాళ్ళ ఆట నో మ్యాన్స్ స్కై గురించి జట్టు నాయకుడు షాన్ మరే ఇంటర్వ్యూల్లో చెప్పినవన్నీ విని జనం ఏవేవో ఊహించుకున్నారు. 2016 ఆగస్టులో ఆట రాగానే ఇద్దరు ఆటగాళ్ళు వెతుక్కుంటూ ఒకే చోటికి చేరారు, ఒకరికొకరు కనబడలేదు. తిట్లు మొదలయ్యాయి. హెలో గేమ్స్‌వాళ్ళు ఎదురు వాదించకుండా నెలల తరబడి మౌనంగా పనిచేసుకున్నారు. 2018 జూలైలో నెక్స్ట్ అప్‌డేట్‌తో నలుగురూ కలిసి ఆడటం కుదిరింది. తర్వాత కూడా ఏళ్ళ తరబడి పెద్ద అప్‌డేట్లు వచ్చాయి, ఒక్కదానికీ డబ్బు అడగలేదు. నా చిరాకల్లా వేరు: సగం ఉడికిన ఆటని మార్కెట్లోకి తోసిన ప్రతివాళ్ళ తరఫునా అభిమానులు ఇప్పుడు ఈ ఉదాహరణే ఎత్తుతున్నారు. ఒకప్పటి నేనైతే ముందు వరసలో ఉండేవాణ్ణి.

ఇవన్నీ చూశాక నాకు తోచింది ఇది. గేమర్లు బాగా నమ్మే కంపెనీలు, నమ్మమని మనల్ని పెద్దగా అడగవు. లేరియన్ స్టూడియోస్ బాల్డర్స్ గేట్ 3ని 2020 అక్టోబర్‌లో ఎర్లీ యాక్సెస్‌లో పెట్టినప్పుడు మొదటి అంకం మాత్రమే ఉంది. అది అసంపూర్తి ఆట అనే చెప్పి అమ్మారు. 2023 ఆగస్టులో పూర్తి ఆట వచ్చేసరికి, తాము ఏం కొంటున్నారో జనానికి తెలుసు. అడిలైడ్‌లోని టీమ్ చెర్రీ హాలో నైట్: సిల్క్‌సాంగ్‌ని 2019లో ప్రకటించి ఏళ్ళ తరబడి పెద్దగా నోరు విప్పలేదు. రివ్యూ కాపీలు కూడా ముందుగా ఎవరికీ ఇవ్వలేదు. అలా ఇవ్వకపోతే నేను అనుమానించాలి. కానీ వాళ్ళు ప్రీ-ఆర్డర్లు కూడా తీసుకోలేదు. 2025 సెప్టెంబర్ 4న ఆట పెట్టారు, అప్పుడే డబ్బు తీసుకున్నారు, ఆ తాకిడికి స్టీమ్ లాంటి స్టోర్లే కాసేపు మొరాయించాయి. ఆ స్టీమ్‌లోనే 2015 నుంచి, కొన్న 14 రోజుల్లోపు, 2 గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కిస్తారు. వెనక్కిచ్చే దుకాణంలో ధైర్యంగా కొంటాం.

రెండో వైపు, నమ్మకం పోగొట్టుకున్న కంపెనీల కథలు అందరికీ తెలిసినవే. 2017లో ఈఏ స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2లో డార్త్ వేడర్‌తో ఆడాలంటే 60,000 క్రెడిట్లు పోగేయాలంది. గొడవయ్యాక 75 శాతం తగ్గించింది. యూబీసాఫ్ట్ తన ది క్రూ ఆట సర్వర్లని 2024 మార్చి 31న ఆపేస్తే, ఒంటరిగా ఆడుకునేవాళ్ళకీ ఆట పోయింది. దాని మీద మొదలైన యూరప్ సంతకాల ఉద్యమం 2025లో 10 లక్షలు దాటింది. ఆ వార్త చదువుతుంటే తమ్ముడి ఐకాన్ గుర్తొచ్చింది. ఆ ఆట శాశ్వతంగా వాడిదేనా, ఆఫ్‌లైన్‌లో ఆడొచ్చా అని ఆ రోజు నేను ఆలోచించనే లేదు.

ఇప్పుడూ ఇష్టాలు పోలేదు. సీడీ ప్రాజెక్ట్ రెడ్ వాళ్ళ ది విచర్ 4 ట్రైలర్ 2024 డిసెంబర్‌లో వచ్చినప్పుడు పదే పదే చూశాను. కథానాయిక సిరి నడిచొస్తుంటే ఒళ్ళు పులకరించింది, దాచడమెందుకు. గ్రూపులో మాత్రం పెట్టలేదు. విడుదల దగ్గరపడ్డాక, ప్రతి కన్సోల్‌కీ రివ్యూ కాపీలు ముందుగా ఇస్తారా, ఈసారి కూడా పీసీకే ఇచ్చి సరిపెడతారా అన్నది చూస్తాను. కొనడం సంగతి ఆ తర్వాత.