గుఱ్ఱపు నడక

అమరకోశమున అశ్వగతులకు ధారలని పేరు. ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము అని అవి యైదు. ఇరువది యేండ్లుగా ఈ పేర్లను మేము పిల్లలచే వల్లె వేయించుచున్నాము. ఒకనాడు వెనుక బల్లమీది బాలుడొకడు లేచి, "అయ్యా! ఒక్కొక్క ధారలో గుఱ్ఱము కాళ్లెట్లు వేయును?" అని యడిగెను. మాకు సమాధానము తోచలేదు. కూర్చుండుమని గద్దించితిమి. ఆ సిగ్గు మమ్ము విడువక, గుఱ్ఱపు ప్రదర్శనముల చలనచిత్రములను తెప్పించుకొని, మెల్లగా నడిపించి చూచితిమి.

ట్రాటు అను సామాన్యమైన పరుగులో ఎదురుమూల కాళ్లు రెండేసి యొకసారి నేలను తాకును. జత మారునపుడు గుఱ్ఱము క్షణకాలము నేలవిడుచును, రౌతు ఎగిరిపడును. విశేషగతులు గల జాతులలో నాలుగు కాళ్లును ఒకదాని వెంట నొకటి పడును గనుక ఆ కుదుపు లేదు.

అయినను ఈ జాతులన్నియు నొక్కతీరున నడువవు. అమెరికాలోని కెంటకీ ప్రాంతమున వృద్ధిపొందిన శాడిల్‌బ్రెడ్ గుఱ్ఱమునకు మెడ పొడవు. అది నిటారుగా నిలుచును. తలయెత్తి, మోకాళ్లు పైకి మడిచి అడుగు తీయును. దాని ర్యాకు అను గతిలో నాలుగడుగులును తాళము వేసినట్లు సమముగా వినబడును. టెనెస్సీ వాకరు సొగసంతయు వెనుకకాళ్లలో నున్నది. వెనుకపాదము ముందుపాదపు జాడను దాటి ఆవల పడును. అడుగడుగునకు తల ఊగును. ఐస్లాండు గుఱ్ఱము పొట్టిది, బలిష్ఠమైనది. దాని టోల్టు గతి యెంత నిలకడయైనదనగా, నిండుపాత్ర చేతబట్టి తొణకకుండ స్వారిచేయుట అచ్చటివారికొక వేడుక.

2012లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనము, వెన్నుపాములోని నాడీకణములకు సంబంధించిన యొక జన్యువులోని మార్పు ఇట్టి గతులకు ముఖ్యహేతువని చూపెను. కావున నడక చాలవఱకు పుట్టుకతో వచ్చునది. శిక్షణ దానికి మెఱుగు పెట్టును.

మెఱుగుతో తృప్తిపడనివారు కొందఱు, టెనెస్సీ గుఱ్ఱముల గిట్టలపైభాగమున మంటపుట్టించు ద్రవ్యములు పూసి, గొలుసులు తగిలించిరి. నొప్పికి తాళలేక అది కాలెత్తగా చూపరులు చప్పట్లు కొట్టిరి. అట్లు హింసింపబడిన గుఱ్ఱములను ప్రదర్శింపరాదని 1970లో అమెరికాలో శాసనము పుట్టినను, ఆ దురాచారము సమూలముగ నశింపలేదు.

ఇది చదివినపుడు మా బెత్తము మాకు గుర్తు వచ్చినది. పరీక్షాధికారి వచ్చుదినమున పిల్లలందఱు ఒక్క వేగమున శ్లోకములు చెప్పవలెనని, ఆలోచించి మెల్లగ పలుకువారిని ఎన్ని మారులు కొట్టితిమి! అధికారి విని మెచ్చుకొనెను. అది నేర్పో నొప్పియో ఆయన యడుగలేదు, మేమును చెప్పలేదు. ఆ ప్రశ్నవేసిన బాలుడును దెబ్బలు తిన్నవారిలో నొకడు.

మఱునాడు వానిని పిలిచి, బల్లపై వ్రేళ్లతో టోల్టు తాళము వేసి చూపితిమి. వాడు కొంతసేపు విని, తనకు సహజమైన నిదానముతోనే, "అయ్యా! అమరములోని ఏ ధార యిది?" అనెను.

"మాకు తెలియదు, నాయనా! వెదకుదము" అంటిమి. ఆ మాట మా నోట వెలువడుటకు ఇరువది యేండ్లు పట్టినది.