ఊదారంగు గుండ్రం

పీర్జాదిగూడలో వరంగల్ రోడ్డు పక్కన పాత సామాన్ల దుకాణాల్లో పుస్తకాలదీ ఇనుముదీ ఒకటే మర్యాద: తూకం. గుట్టలోంచి కాలికో బైండు పుస్తకం ఒకటి లాగి చూస్తే మొదటి పేజీలో ఊదారంగు గుండ్రం. సిరా సరిగ్గా అంటక ఊరి పేరు మాయమై, ‘గ్రంథా’ దాకా వచ్చి ఆగిపోయింది. కింద చేతిరాతలో నంబరు. లోపలెక్కడో మరో పేజీ మధ్యలో మళ్లీ అదే ముద్ర! ఆ పేజీని లైబ్రేరియన్లు రహస్య పేజీ అంటారు. దొంగ మొదటి పేజీ చింపేసినా ఇది పట్టిస్తుంది.

పుస్తకం ఎవరిదో చెప్పే ఇదే పనికి ఐరోపావాళ్లు బొమ్మలు చెక్కించుకున్నారు. జర్మనీలో హిల్డెబ్రాండ్ బ్రాండెన్‌బర్గ్ అనే ఆయన 1480 ప్రాంతంలో బుక్స్‌హైమ్ మఠానికిచ్చిన పుస్తకాల్లో, ఎద్దుబొమ్మ ఉన్న డాలు పట్టుకున్న దేవదూత చిత్రాన్ని అతికించారు. ఇలాంటి అచ్చుబొమ్మల్లో అతి పాతవాటిలో అదొకటి. తర్వాత చిత్రకారుడు డ్యూరర్ అంతటివాడు తన స్నేహితుడు పిర్క్‌హైమర్‌కు ఇలాంటి బొమ్మ గీసిచ్చాడు. ఈ పుస్తకాలు తనకూ తన మిత్రులకూ అని అందులో లాటిన్‌లో ఉంటుంది. పుస్తకం అడిగితే ముఖం తిప్పుకునే మనవాళ్లు గమనించాలి.

అలాగని ఈ ముచ్చట మనకు లేదనుకోనక్కర్లేదు. పీర్జాదిగూడ పక్కనుంచి పోయే మూసీకే ఎగువన, గోల్కొండలో, సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా (1612–1626) తన పుస్తకాల మీద రాజముద్ర వేయించడమే కాక, సొంత దస్తూరీతో నాలుగు మాటలు రాసుకునేవాడు. తాటాకు లేఖకులదైతే ఇంకో తీరు. నడుం వంగి, మెడ వంచి రాశాను, నూనె నుంచీ నీటి నుంచీ మూర్ఖుడి చేతి నుంచీ కాపాడండని చివర్లో మొరపెట్టుకునేవారు. బొమ్మ లేదు గానీ గుండెకు తగులుతుంది.

ఇక మన గ్రంథాలయాల సంగతికొస్తే, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి చలవతో ఊరూరా గ్రంథాలయాలు లేచాయి. చందాలతో, విరాళపు పుస్తకాలతో నడిచే చోట చెక్కడపు బొమ్మలకు డబ్బెక్కడిది? రబ్బరు ముద్ర, సిరా మెత్త చాలు. పైగా బంక రాసి అతికించిన కాగితం మన ఉక్కలో పురుగులకు విందుభోజనం.

ఊదా సిరాకు అందం లేదనడం అన్యాయం. దాని వంకర అంచులో, తొందరలో రెండుసార్లు పడిన నీడలో ఎవరి చెయ్యో తెలుస్తూనే ఉంటుంది.

ఈ పుస్తకాన్ని గ్రంథాలయం తీసేసిందో, ఎవరైనా తిరిగివ్వలేదో చెప్పే కొట్టివేత ముద్ర మాత్రం ఎక్కడా లేదు. దుకాణదారు దాన్ని మళ్లీ కాటా మీద పెట్టాడు.