సూర్యలంకలో అమ్మ నక్షత్రం

గుళ్లో అర్చన చేయించినప్పుడల్లా అమ్మ పూజారిగారికి చెప్పేది ఒకటే... 'వృశ్చిక రాశి, జ్యేష్ఠా నక్షత్రం'. 70 ఏళ్లు దాటినా ఆ నక్షత్రం ఎలా ఉంటుందో తను చూడలేదు. చూడాలనీ అనుకోలేదు. 'రెండు సంబంధాలు చెడగొట్టిన చుక్క. దాని మొహం చూడ్డం కూడానా!' అనేది. జ్యేష్ఠలో పుట్టిన పిల్ల బావగారికి కీడని ఆ రోజుల్లో గట్టి నమ్మకం. నాన్న ఇంటికి పెద్దకొడుకు. బావగారే లేరు కాబట్టి మూడో సంబంధం కుదిరిందట.

అమ్మ కళ్లకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక, ఓ వైశాఖ అమావాస్యకు అందరం సూర్యలంక వెళ్లాం. బాపట్ల స్టేషన్లో దిగితే ఆటోలో 9 కిలోమీటర్లు. స్నానాలకు వచ్చినవాళ్లు పొద్దుగూకగానే వెళ్లిపోతారు. మాకు కావాల్సింది ఆ తర్వాతి సూర్యలంక. ఇక్కడ తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది. మే నెల రాత్రుల్లో వృశ్చికం పైకొచ్చేదీ ఆ దిక్కునుంచే. జూలైలో అయితే తొమ్మిదింటికే దక్షిణాన నిటారుగా కనిపిస్తుంది కానీ, మబ్బులు చూడనివ్వాలిగా!

దీపాలు వీపు వెనక్కి వచ్చేలా ఇసుకలో దుప్పటి పరిచాం. కళ్లు చీకటికి అలవాటుపడాలి కదా, పిల్లల చేత సెల్‌ఫోన్లు లోపల పెట్టించేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

ఎనిమిదింటికి సముద్రం మీద జానెడు ఎత్తున మూడు చుక్కలు కనిపించాయి. అడ్డంగా, కాస్త వంపు తిరిగి. అదే తేలు తల, మన అనూరాధ. దాని కింద ఎర్రగా మరొకటి. అటూఇటూ చెరో చిన్న చుక్క కాపలా. 'అమ్మా, అదే జ్యేష్ఠ' అన్నాను. పక్కనే కుజుడు కూడా ఎర్రగా వెలిగే సంవత్సరాలుంటాయి, అప్పుడు పొరబడతాం. మిణుకుమిణుకుమనేది జ్యేష్ఠ, నిలకడగా వెలిగేది కుజుడు. పాశ్చాత్యులు దీన్ని 'అంటారెస్' అంటారు. కుజుడికి పోటీ అని అర్థం.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. 'ఇంత ఎర్రగా ఉంటుందా!' అంది చివరికి. సుమారు 550 కాంతి సంవత్సరాల దూరంలో ఉందనీ, మన సూర్యుడి స్థానంలో దాన్ని పెడితే భూమినీ, కుజుణ్నీ కూడా మింగేసేంత పెద్దదనీ చెప్పాను. 'అంత దూరాన ఉన్నదానికి మా బావగారితో ఏం పని?' అంది.

పది గంటలకు తోక మొత్తం నీళ్లలోంచి బయటికొచ్చింది. కుడివైపు కిందకి జారి, కొక్కెంలా మెలి తిరిగి, చివర పక్కపక్కనే రెండు చుక్కలు. అదీ కొండి! లండన్‌లో ఉండే మా తమ్ముడికి ఈ భాగ్యం లేదు. అక్కడ జ్యేష్ఠ 12 డిగ్రీల ఎత్తు దాటదు, కొండి దిగంతాన్ని అంటుకునే ఉండిపోతుంది. ఆ కొండి దగ్గరిదే మూల నక్షత్రం. పంచాంగం ఆకాశాన్ని 12 సమాన భాగాలు చేసింది కాబట్టి మూలను ధనుస్సులో కలిపింది. ఆకాశంలో మాత్రం తేలు తోకలోనే ఉంది.

'మూల మామగారికి కీడనేవాళ్లు. పాపం, అన్నీ ఒకచోటే చేరాయన్నమాట' అని అమ్మ నవ్వింది. పిల్లలు నిద్రపోయినా తను లేవలేదు. అర్ధరాత్రి తేలు దక్షిణానికి వచ్చేదాకా శాలువా కప్పుకుని కూర్చుంది.

మా ఊళ్లో డాబా మీంచి చూస్తే తోక వీధి దీపాల వెలుగులో కలిసిపోతుంది. జ్యేష్ఠ ఒక్కటే కనిపిస్తుంది. ఈమధ్య పక్కింటి అమ్మాయికి జ్యేష్ఠ అని తెలిసి ఓ సంబంధం వెనక్కి పోయింది. ఆ సాయంత్రం అమ్మ మోకాళ్ల నొప్పులతోనే మెట్లెక్కి, ఆ పిల్లను డాబా మీదికి తీసుకెళ్లింది.