వరుస తప్పిన మార్కులు

విద్య కొంచెం అబ్బగానే మనిషికి గర్వం కలుగుతుంది. వినయం అలవడడానికి ఒక పొరపాటు జరగాలి. నాకు ఆ పొరపాటు గత సంవత్సరం అంతర్గత పరీక్షల మార్కుల పట్టిక రూపంలో ఎదురైంది.

అయిదు పాఠ్యాంశాల మార్కులు అయిదు ఫైళ్లలో ఉన్నాయి. ఒక్కొక్క పంక్తిలో విద్యార్థి క్రమసంఖ్య, దాని పక్కన మార్కులు. "రేపు ఉపకారవేతనాల జాబితా పంపాలి. వీటన్నిటినీ ఒకే పట్టికగా చేయగలవా?" అని మాస్టారు అడిగారు. యూనిక్స్ ఆదేశాలు అప్పుడప్పుడే నేర్చిన నేను, "క్షణంలో పని సార్" అన్నాను. క్రమసంఖ్యలు మొదటి ఫైలులో ఉండగా తక్కినవాటిలో ఎందుకని, 'కట్' ఆదేశంతో మార్కులను మాత్రమే వేరుచేసి, 'పేస్ట్' ఆదేశంతో అన్నిటినీ పక్కపక్కన చేర్చాను. పని నిజంగానే క్షణంలో ముగిసింది.

ఆ సాయంత్రం ఒక విద్యార్థిని పట్టిక చూసి, "భయ్యా, నాకు లెక్కల్లో తొమ్మిదేనా?" అని మెల్లగా అడిగింది. ఆమె చదువు సాగడం ఆ వేతనం మీదనే ఆధారపడి ఉన్నదని అందరికీ తెలుసు.

లెక్కల ఫైలు తెరిచి చూశాను. పరీక్షకు రాని ఒక విద్యార్థి పంక్తి అందులో లేదు. అక్కడినుండి ప్రతివారికీ తమ తరువాతివారి మార్కులు వచ్చి చేరాయి. చివరి వరుసలో ఒక గడి ఖాళీగా ఉన్నా నేను గమనించలేదు. 'పేస్ట్' పంక్తి ఎన్నవదో చూస్తుందే కాని, అది ఎవరిదో అడగదు.

ఆ రాత్రి 'జాయిన్' ఆదేశాన్ని ఆశ్రయించాను. అది క్రమసంఖ్యను సరిచూచి జతపరుస్తుంది. కాని దానికీ నియమాలున్నాయి. ఒక్కసారికి రెండు ఫైళ్లే కలుపుతుంది. రెండూ ముందుగా అక్షరక్రమంలో అమరి ఉండాలి. ఆ క్రమంలో 9 కంటె 10 ముందు వస్తుంది. జత దొరకని పంక్తిని చెప్పకుండానే వదలివేస్తుంది. అంటే పరీక్షకు రానివాడు పట్టికనుండే మాయమవుతాడు. అతనిని నిలుపుకోవాలంటే 'ఎ' అనే సూచన, అతని ఖాళీ గడిలో ఒక గుర్తు ఉంచడానికి 'ఓ', 'ఇ' అనే సూచనలు చేర్చాలి. అనేక ఫైళ్లను ఒకేసారి కలపడానికి 'ఆక్' మరింత అనుకూలమని తరువాత తెలిసింది. 1977లో బెల్ ప్రయోగశాలలలో ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్ అనే ముగ్గురు దానిని రూపొందించారు. వారి పేర్ల తొలి అక్షరాలే దాని పేరు. క్రమసంఖ్యను గుర్తుగా పెట్టుకొని, ఎవరి మార్కులు వారి ఖాతాలో అది జమచేస్తుంది.

తెల్లవారేసరికి పట్టిక సరియైనది. ఆమె పేరు జాబితాలో చేరింది.

మిత్రులారా! అనవసరమని నేను కత్తిరించి పారవేసిన ఆ అంకెలే ప్రతి విద్యార్థికీ ఆనవాలు. ఇప్పుడు ఏ ఫైళ్లను కలపవలసివచ్చినా, ముందుగా వాటి పంక్తులు లెక్కిస్తాను. ఆనవాలును మాత్రం చివరిదాకా చెరపను. ఆనాడు ఆమె అడగడానికి సంకోచించి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే, నేటికీ నా మనస్సు కలతపడుతుంది.