నడుమ నిలిచిన దుబాసీ

రైలు టిక్కెట్టు కోసం ఢిల్లీ నగరవాసి తెల్లవారకముందే వెళ్లి వరుసలో నిలబడిన కాలమొకటి ఉండేది. వేసవి సెలవులకు స్వగ్రామం చేరవలసిన తెలుగు కుటుంబాలకు అది ఏటేటా తప్పని పరీక్ష. 1985లో న్యూఢిల్లీలో గణకయంత్రాలతో రిజర్వేషన్ మొదలై ఆ కష్టం కొంత తీరింది. రైల్వేల గణక సంస్థ 'క్రిస్' రూపొందించిన కొత్త పద్ధతి 1994లో మొదట సికింద్రాబాదులో అమలయింది. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రాలు అయిదూ ఏకమయ్యాయి.

అయినా ప్రయాణికుడికి కిటికీ దాకా నడక తప్పలేదు. ఆ యంత్రాలు తమ తీగలపై, తమ భాషలో, తమ టెర్మినళ్లతోనే మాట్లాడేవి. ఇంటిలోని బ్రౌజరుకు తెలిసిన భాష వేరు. అది ఒకటి అడుగుతుంది, జవాబు అందుకుంటుంది, అంతటితో ఆ సంభాషణను మరచిపోతుంది. టిక్కెట్టు వ్యవహారమో, ఖాళీలు, పేర్లు, పైకం, బెర్తు అంటూ అంచెలంచెలుగా సాగేది.

2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్టుపై అమ్మకం ప్రారంభించినప్పుడు ఈ రెండింటి నడుమ నిలిచినది సర్వరు అనే దుబాసీ. బ్రౌజరు కోరినదాన్ని రిజర్వేషన్ యంత్రానికి అర్థమయ్యేలా విన్నవించి, వ్యవహారంలో ఎంతవరకు వచ్చామో జ్ఞాపకముంచుకొని, జవాబును తిరిగి తెచ్చి ఇవ్వడం దాని పని. అచ్చయిన టిక్కెట్టును మాత్రం తొలిరోజుల్లో కొరియరు మనిషే ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు.

బ్రౌజరుకే నేరుగా మాట్లాడే స్వేచ్ఛ ఇవ్వరాదా అన్న సందేహం సహజం. అట్లా ఇస్తే, మనం తెరచిన ఏ అపరిచిత పుటయినా మన యంత్రాన్ని అడ్డుపెట్టుకొని ఇంటిలోని, కార్యాలయంలోని ఇతర యంత్రాల తలుపులు తట్టగలదు. అందుకే ఆ ద్వారాన్ని మూసి ఉంచారు. 2011లో ప్రమాణంగా వెలువడిన 'వెబ్‌సాకెట్' తీగను తెరచి ఉంచే వీలు కల్పించినా, అవతల ఆ మర్యాద తెలిసిన సర్వరు ఉండి తీరాలి. పాత యంత్రంతో మాట్లాడాలంటే దుబాసీ నేటికీ అవసరమే.

దుబాసీపై ఆధారపడినవాడు అతని నిజాయితీపై కూడా ఆధారపడతాడు. చెప్పిన ప్రతి మాటా అతని చెవిన పడుతుంది. ఎవరు ఏ తలుపు తట్టమన్నా తట్టే దుబాసీ దొంగలకు దారి చూపినవాడవుతాడు. పైగా అతనికి చెవులే గాని కళ్లు లేవు. విన్నపం ఇంటికి వెళ్లవలసిన కూలీది కావచ్చు, దళారి నడిపే ప్రోగ్రాముది కావచ్చు. రెండూ అతనికి ఒక్కలాగే వినిపిస్తాయి. తత్కాల్ వేళ నిమిషాల్లో బెర్తులు మాయం కావడానికి ఇదీ ఒక కారణమే. మనిషినని నిరూపించుకొమ్మంటూ వంకర అక్షరాలు చదివించడం అందుకే.

కిటికీ ముందు నిలబడినవాడు తాను మనిషినని చెప్పుకోవలసిన అవసరం ఏనాడూ రాలేదు. వంతెన దూరాన్ని తగ్గించింది. ఎదుటివానిని చూసి గుర్తించే బాధ్యత మాత్రం దానిని కట్టినవారిపైనే మిగిలింది.